మేయరు గారి బీరు, మహాకవి గారి తల

ఊరికి పెద్దమనిషి కావాలంటే చదువుండాలా, వంశముండాలా, దానగుణముండాలా అని జనం ఊరికే బుర్రలు బద్దలు కొట్టుకుంటారు. ఇంగ్లండులోని స్ట్రాట్‌ఫర్డ్ వాళ్లకు ఈ టెన్షన్ ఎప్పుడూ లేదు. అక్కడ మేయరు కుర్చీకి దారి పీపాల మధ్య నుంచే పోతుంది.

1556లో ఆ ఊళ్లో జాన్ షేక్‌స్పియర్ అనే ఆయన్ని ఏల్ రుచి చూసే ఉద్యోగంలో వేశారు. ఏల్ అంటే అప్పటి బీరే. పురపాలక సేవలో ఇంతకన్నా త్యాగపూరితమైన కొలువు నాకైతే తెలీదు. పన్నెండేళ్లు తిరిగేసరికి ఆయనే బెయిలిఫ్, అంటే ఇంచుమించు మేయరు. కొడుకు విలియం మాత్రం లండన్ పోయి నాటకాలు రాసుకుంటూ చెడిపోయాడు. సర్లెండి, ప్రతి ఇంట్లోనూ ఒకడుంటాడు.

తెగిన ఆ సంప్రదాయాన్ని మళ్లీ అతికించిన మహానుభావుడు ఎడ్వర్డ్ ఫోర్డమ్ ఫ్లవర్. 1805లో పుట్టాడు. చిన్నప్పుడే తండ్రి వెంట అమెరికా వెళ్లి, ఇలినాయ్ పచ్చిక బయళ్లలో ఊరు కట్టుకుంటున్న వలసదారుల మధ్య పెరిగాడు. 1824లో తిరిగొచ్చాడు. 1830లో ఇంగ్లండు సర్కారు ఒక చల్లని చట్టం చేసింది: రెండు గినీలు (అప్పటి ఇంగ్లీషు నాణేలు) కట్టి లైసెన్సు తీసుకుంటే చాలు, ఎవరింట్లో వాళ్లు బీరు అమ్ముకోవచ్చు. జనం జిన్ను అనే ఘాటు సారా మానతారని ఆశ. జనాన్ని తాగుడు మాన్పించడానికి ఇంకో తాగుడు చూపించడం గొప్ప పాలన. మరుసటి ఏడాదే ఫ్లవర్ గారు స్ట్రాట్‌ఫర్డ్‌లో కాలువ పక్కన బ్రూవరీ, అంటే బీరు కాచే కార్ఖానా, తెరిచారు. ఊరు ఆయన్ని నాలుగుసార్లు మేయరుని చేసింది.

1864లో షేక్‌స్పియర్ మూడొందల ఏళ్ల పుట్టినరోజు పడింది. మేయరు ఫ్లవర్ గారే. ఉత్సవానికి పెద్ద చెక్క మండపం కట్టించారు. లండన్ వాళ్లు తమ కమిటీ తాము పెట్టుకుని ఎడమొహం పెట్టారు. హామ్లెట్ వేషం ఫెక్టర్ అనే నటుడికి ఇచ్చారని ఫెల్ప్స్ అనే ఇంకో నటుడు అలిగాడు. ఫెల్ప్స్ వెళ్లిపోయాక ఫెక్టర్ కూడా చివరి గడియలో రానన్నాడు. కల్యాణమండపం నిండుగా ఉండి పెళ్లికొడుకు రాకపోతే ఎలా ఉంటుందో, అలా ఉంది. చివరికి లెక్కలు తేలిస్తే నష్టం. చందాలిస్తామన్న సాహిత్యాభిమానులు సాహిత్యంలోనే ఉండిపోయారు.

కానీ బ్రూవరీకి నష్టమేమీ లేదు. ఫ్లవర్స్ బీరు గుర్తు ఏమిటో తెలుసా? షేక్‌స్పియర్ తల. కవి పోయాక దాదాపు అర్ధశతాబ్దానికి ఆ ఊరి చర్చి వికార్ (పూజారి) జాన్ వార్డ్ తన డైరీలో ఒక మాట రాసుకున్నాడు: తోటి కవులు డ్రేటన్, బెన్ జాన్సన్‌లతో కూర్చుని మోతాదు మించి తాగి, ఆ జ్వరంతోనే షేక్‌స్పియర్ పోయాడట. పుకారే కావచ్చు. అయినా ఇంతటి సంతృప్తి చెందిన కస్టమర్ బొమ్మ ఏ కంపెనీకి దొరుకుతుంది చెప్పండి? పైగా రాయల్టీ అడగడు.

పార్లమెంటుకి మాత్రం ఫ్లవర్ గారు రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడారు. కొడుకు చార్లెస్ స్థలమిచ్చి, డబ్బు పోసి 1879లో స్ట్రాట్‌ఫర్డ్‌లో షేక్‌స్పియర్ నాటకశాల లేపాడు. బీరు వ్యాపారికి నాటకాలెందుకని లండన్‌లో నవ్వారు. ఆ నవ్విన వాళ్లెవరూ ఇటుక ఇవ్వలేదు.

పెద్దాయన ముసలితనంలో లండన్ చేరి ఇంకో యుద్ధం మొదలుపెట్టాడు, గుర్రాల కోసం. ఆ రోజుల్లో దర్జా బండికి కట్టిన గుర్రానికి కళ్లెం నుంచి వీపు మీది పట్టీకి ఒక తోలు పగ్గం బిగించేవాళ్లు. మెడ ఎప్పుడూ నిక్కి ఉండాలని. ఎత్తు ఎక్కేటప్పుడు పాపం అది తల ముందుకు వంచి బలం పెట్టలేదు, నోటి వెంట నురగ. ఎక్కినవాళ్లకి షోకు. ఫ్లవర్ గారు దీనిమీద కరపత్రం రాశారు, ఎదురుపడిన ప్రతి బండివాడికీ హితబోధ చేశారు. చేసిన పనులన్నిటిలోకీ నాకు నచ్చింది ఇదే, ఇందులో వెటకారం లేదు. బరువు లాగేవాడికి తల వంచుకునే స్వేచ్ఛ ఉండాలన్నారాయన. మనుషులకైతే ఆ స్వేచ్ఛ 1831 నుంచీ ఆయన పీపాల్లో పోసి అమ్ముతూనే ఉన్నారు.