రంగులు సరే, కాలి కింద ఏముందో కూడా చూడండి

ఆడదాన్ని మెప్పించడానికి మగ గెంతుడు సాలీడు చేసే నాట్యమంతా రంగుల మహిమేనని మీ వ్యాసంలో రాశారు. అది సగమే. పొట్ట మీది విసనకర్ర విప్పి మూడో జత కాళ్లు పైకెత్తే నెమలి సాలీడు ఆస్ట్రేలియాది, బెంగళూరు లాల్‌బాగ్ తోటలో వెతికితే దొరకదు. బెంగళూరు ఇళ్ల గోడల మీద సాధారణంగా కనిపించేది మెనెమెరస్ బైవిట్టాటస్ అనే గెంతుడు సాలీడు, పొడవు దాదాపు 9 మిల్లీమీటర్లు. నడి వీపున నల్లచార ఉంటే మగది, రెండు అంచుల్లో చారలుంటే ఆడది. మగదాని మూతి దగ్గర పొట్టి కాళ్లలాంటివి రెండు, కొసలు బాక్సింగ్ గ్లవ్స్‌లా ఉబ్బి ఉంటే ఈడొచ్చినట్టు. ఉబ్బకపోతే నాట్యం కోసం కాచుక్కూర్చోవడం దండగ.

ఇక అసలు సంగతి. చాలా జాతుల్లో మగది కాళ్లు ఆడిస్తూనే పొట్టను వణికిస్తుంది. ఆ కంపనం నేలగుండా ఆడదాని కాళ్లకు చేరుతుంది. అమెరికా జాతి హాబ్రోనాటస్ డొస్సేనస్ మీద పరిశోధనల్లో ఎండుటాకులపై ఆ కంపనం బాగా సాగింది, ఇసుక మీద, రాతి మీద తేలిపోయింది. కంపనం పుట్టకుండా చేసిన మగవాటికి జత కుదరడం బాగా తగ్గింది. కాబట్టి గ్రానైట్ గట్టు మీద వీడియో తీసి "ఆడది పట్టించుకోలేదు" అంటే ఎలా? డబ్బాలో చూడాలనుకుంటే అడుగున ఎండుటాకు పరచండి, ఆడదానికి ముందుగా ఈగ పెట్టండి (ఆకలి మీదుంటే పెళ్లికొడుకే పలహారం), తర్వాత మగదాన్ని వదలండి. అద్దం మాత్రం వద్దు: ప్రతిబింబాన్ని పోటీదారు అనుకుని కయ్యానికి దిగుతుంది, దాన్నే ప్రణయం అనుకుంటారు చాలామంది.