పాత జార్ జోలికి రావద్దు

సెక్యూరిటీ టీమ్ పంపే ప్రతి స్కాన్ రిపోర్టులోనూ ఎర్ర రంగులో మొదటి వరుస ఒకటే: లాగ్‌ఫోర్‌జే 1.2.17, అంటే మన జావా ప్రోగ్రాముల్లో జరిగేదంతా లాగ్‌లో (చిట్టాలో) రాసిపెట్టే లైబ్రరీ, ఒక జార్ ఫైలు. దేశంలో ఇంకే సమస్యా లేనట్టు పాపం దాని మీదే పడతారు. దాని తరఫున మాట్లాడేవాడు ఎవడూ కనపడ్డం లేదు కాబట్టి ఆ వకాల్తా నేనే పుచ్చుకుంటున్నాను.

అసలు దాని వయసుకైనా గౌరవం ఇవ్వాలి. 2012లో వచ్చిన వెర్షన్ అది. 2015 ఆగస్టులో దాన్ని చూసుకునే అపాచీ వాళ్లు ఇక ఈ మొదటి తరాన్ని మేం చూడం, రెండో తరానికి వెళ్లిపోండి అని ప్రకటించేశారు. అంటే భద్రతలో ఏ కన్నం బయటపడినా దాన్ని పూడ్చే ప్యాచ్ వాళ్ల దగ్గర్నుంచి రాదు. నన్నడిగితే ఇది వరం. వారానికోసారి మారిపోయే లైబ్రరీల మధ్య, ఇక ఎప్పటికీ మారను అని మాటిచ్చి నిలబెట్టుకున్నది ఇదొక్కటే, ఇంత నిలకడ మన రిక్వైర్‌మెంట్లలో ఎప్పుడైనా చూశామా?

మాట విని అప్‌గ్రేడ్ చేసినవాళ్ల గతి ఏమైందో గుర్తుందిగా. 2021 డిసెంబర్. లాగ్‌ఫోర్‌షెల్ అనే కన్నం. లాగ్‌లో ఎవడో పంపిన ఒక్క లైను పడితే చాలు, రెండో వెర్షన్ ఆ లైనులో ఉన్న చిరునామాకి వెళ్లి, అక్కడున్న కోడ్‌ని తెచ్చి మరీ మన సర్వర్‌లో నడిపేది. మైన్‌క్రాఫ్ట్ చాట్‌లో మెసేజ్ కొట్టి సర్వర్లని చేజిక్కించుకున్నారు. తీవ్రత పదికి పది. 2.15 వేశారు, చాలలేదన్నారు, 2.16 వేశారు, దాన్లోనూ ఒకటుందన్నారు, 2.17 వేశారు, కొత్త సంవత్సరం రాకముందే 2.17.1 కూడా వేశారు. మాదాపూర్‌లో ఎన్ని శనివారాలు పోయాయో! మనం మాత్రం సుఖంగా నిద్రపోయాం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బద్ధకం కాస్తా ఆ నెలతో ముందుచూపు అయిపోయింది, అప్పట్నుంచి ఏ ఆడిట్‌లో ఎవరేం అడిగినా ఇదే జవాబు.

గిట్టనివాళ్లు ఇంకో మాట అంటారు. పాతదానికి దాని జబ్బులు దానికున్నాయట. సాకెట్‌సర్వర్ అనే క్లాసు (దాని కోడ్‌లో ఒక ముక్క) నెట్‌వర్క్ మీద ఏది వచ్చినా నమ్మేసి విప్పుకుంటుందని 2019లోనే నమోదైంది, తీవ్రత పదికి 9.8. 2022 జనవరిలో మరో మూడు బయటికొచ్చాయి, అందులో ఒకటి లాగుల్ని డేటాబేస్‌లో రాసే క్లాసులో ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్, అంటే డేటాబేస్‌కి దొంగ ఆదేశాలు ఎక్కించే దారి. అయితే ఏంటి, ఆ క్లాసులు మనం వాడం. (వాడటం లేదని ఎవరు చూశారు అని మాత్రం మీటింగ్‌లో అడక్కండి, అందరూ ఒకేసారి మ్యూట్ అయిపోతారు.)

అమెరికాలో క్రెడిట్ రిపోర్టులిచ్చే ఈక్విఫాక్స్ కంపెనీ కథ చెప్పి బెదిరించేవాళ్లూ ఉన్నారు. 2017 మార్చిలో వాళ్లు వాడే స్ట్రట్స్ అనే వెబ్ లైబ్రరీకి ప్యాచ్ వచ్చింది, 48 గంటల్లో వేసేయమని కంపెనీలో మెయిల్ కూడా తిరిగింది, అయినా మే నెలలో దొంగలు ఆ కన్నంలోంచే దూరి 14 కోట్ల మందికి పైగా అమెరికన్ల వివరాలు పట్టుకుపోయారు. బాధాకరమే. కానీ అది స్ట్రట్స్, మనది లాగ్‌ఫోర్‌జే. పైగా మెయిల్ పంపారు కదా, ఇంకేం చేయాలి? మనమూ పంపుతూనే ఉన్నాం. రిస్క్ యాక్సెప్టెడ్ (ప్రమాదం ఉందని తెలిసే ఒప్పుకున్నాం అనే) ఫారం మీద ప్రతి ఏడాదీ కొత్త తేదీ వేసి, కొత్త డైరెక్టర్‌తో సంతకం పెట్టిస్తున్నాం. ఏం పెడుతున్నామో ఆయన అడగడు, మనం చెప్పం.

అన్నిటికన్నా దారుణం 2022లో జరిగింది. లాగ్‌ఫోర్‌జేని మొదట రాసిన పెద్దమనిషే రీలోడ్‌ఫోర్‌జే అని ఒకటి వదిలాడు. పాత జార్ తీసి ఇది పెట్టుకోండి, ఆ కన్నాలు పూడ్చేశాను, మీ కోడ్ మార్చక్కర్లేదు అన్నాడు. ఉన్న ఒక్క సాకునీ లాక్కోవడం కాకపోతే ఏంటిది? అదృష్టం బాగుండి మన ప్రాసెస్ గట్టిది. జార్ మార్చాలంటే పాతవన్నీ ఇంకా పనిచేస్తున్నాయా అని చూసే రిగ్రెషన్ టెస్టింగ్ కావాలి, దానికి టెస్ట్ కేసులు కావాలి, అవి రాసినాయన 2016లోనే డల్లాస్ వెళ్లిపోయాడు, లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెడితే ఇంకా చూడలేదు.