రూమీ పేరు పెట్టగానే సరిపోతుందా?

ఇరానీ గాయకుణ్ణి, పాశ్చాత్య ఆర్కెస్ట్రాను ఒకే వేదిక ఎక్కించి, పాడడానికి పదమూడో శతాబ్దపు పర్షియన్ సూఫీ కవి రూమీ పద్యాలు ఇచ్చి, దానికి 'సంగమం' అని పేరు పెట్టడం బాగా ఎక్కువైంది. నాకు పర్షియన్ సంగీతం అంటే ప్రాణం, సింఫనీలన్నా అంతే. అందుకే ఊరుకోలేక అడుగుతున్నాను: ఈ కలయికలో ఎవరి కోసం ఎవరు మారుతున్నారు?

చాలాసార్లు సర్దుకునేది గాయకుడే. పర్షియన్ సంగీతానికి గుండె లాంటిది ఆవాజ్, అంటే పద్యాన్ని ఆలాపనలా పాడే తీరు. దానికి తాళం ఉండదు, పద్యం ఛందస్సే దాని నడక. గాయకుడు ఒక పాదం పాడి ఆగుతాడు. కమాంచె అనే కమాను వాద్యమో, తార్ అనే మీటే తీగవాద్యమో ఆ పలుకును అందుకుని తన తీరులో బదులిస్తుంది. అది అయ్యాకే తర్వాతి పాదం. పాదం చివర గొంతు ముక్కలు ముక్కలుగా విరిగి పైకి లేస్తుంది, దాన్ని తహ్రీర్ అంటారు. ఇదంతా కండక్టర్ చేతి కింద నాలుగేసి దెబ్బల లెక్కలో బిగిస్తే ఇంకేం మిగులుతుంది?

స్వరాలదీ అదే గోల. పియానోలో పక్కపక్క మెట్ల మధ్య ఎక్కడో పలికే కోరోన్ స్వరం మీదే మన రాగం లాంటి సెగాహ్ నిలబడుతుంది. దాన్ని దగ్గర్లోని మెట్టు మీదికి నెట్టి, కింద కార్డ్స్ (ఒకేసారి మోగే స్వరాల గుత్తులు) పేర్చేస్తారు. వినడానికి హాయిగానే ఉంటుంది, కానీ అది సెగాహ్ కాదు.

అలాగని కలపొద్దని నేననను. దావూద్ పీర్నియా 1956లో టెహ్రాన్ రేడియోలో మొదలుపెట్టిన గుల్హా అనే కవిత్వ, సంగీత కార్యక్రమాల్లో మొర్తెజా మహ్జూబీ పియానో వినండి. తీగలనే పర్షియన్ స్వరాలకు శ్రుతి చేసుకుని వాయించాడాయన. పియానోనే లొంగదీశాడు! మనకూ ఇది కొత్త కాదు. మనవాళ్లు వయొలిన్‌ను నేల మీద కూర్చుని, దాని తల పాదానికి ఆనించి, తీగలను స-ప-స-ప చేసుకుని గమకం పలికించారు. విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది పరాయి వాద్యం అనే మాటే గుర్తురాదు.

ఇక ఇరానీ స్వరకర్త హుస్సేన్ అలీజాదే 'నైనవా', 1983 నాటిది. తీగవాద్యాల ఆర్కెస్ట్రా, ఒక్క నెయ్ (రెల్లు వేణువు). రికార్డింగ్‌లో నెయ్ వాయించింది జంషీద్ అందలీబీ. ఇస్ఫహాన్ పద్ధతిలో నెయ్ అంచును పళ్ల మధ్య పెట్టుకుని, నాలుకతో గాలిని మళ్లిస్తారు. అందుకే స్వరంతో పాటు ఊపిరి చప్పుడూ వినిపిస్తుంది. రూమీ పెద్ద కావ్యం మస్నవీ మొదలయ్యేదే తన రెల్లుపొద నుంచి కోసి తెచ్చిన నెయ్ ఏడుపుతో. నైనవాలో ఒక్క పద్యం పాడరు. అయినా రూమీ ఇంత దగ్గరగా నాకు ఇంకెక్కడా వినిపించలేదు. నెయ్ మాట్లాడుతుంటే వయొలిన్లు తగ్గి చోటిస్తాయి. చివరి భాగం సమా నృత్యానికి, అంటే సూఫీలు గిరగిరా తిరిగే నృత్యానికి, వచ్చేసరికి అందరూ కలిసి తిరుగుతున్నట్టే ఉంటుంది.

పోలిష్ స్వరకర్త షిమనోవ్‌స్కీ మూడో సింఫనీ (1914–16) కూడా నాకు ఇష్టమే. రాత్రి ప్రార్థన లాంటి రూమీ పద్యాన్ని పోలిష్ అనువాదంలో తీసుకుని ఒక టెనర్ (హెచ్చు స్థాయి మగగొంతు)కు, కోరస్‌కు, పెద్ద ఆర్కెస్ట్రాకు రాశాడు. ఇరానీ వాద్యం ఒక్కటి లేదు. తన సంగీతంతోనే ఆ రాత్రి ప్రార్థనకు బదులు చెప్పాడు, అదీ నిజాయితీయే. కడుపు మండేది మధ్య రకాన్ని చూస్తేనే. నాలుగు దఫ్‌లు (చేతి డప్పులు), బోలెడంత రెవర్బ్ (కృత్రిమ ప్రతిధ్వని), తెర మీద ఎవరో ఇంగ్లీషులో అల్లిన రెండు ప్రేమ వాక్యాలు. మస్నవీ నిండా ఖురాన్ కథలున్నాయి, దేవుడున్నాడు. వాటిని తీసేసి రూమీ అంటే ఎలా?

వయొలిన్‌కు మెట్లు లేవు. వేలు కాస్త జరిపితే కోరోన్ దొరుకుతుంది. కానీ ఆ కాస్త ఎంతో చెవికి పట్టాలంటే ఇరానీ ఉస్తాద్ పక్కన కూర్చుని రోజుల తరబడి రిహార్సల్ చేయాలి. నిర్వాహకులు లైట్లకు పెట్టే డబ్బులో కొంత దీనికి పెట్టండి. ఆవాజ్ వచ్చినప్పుడు కండక్టర్‌ను చేయి దించి ఆగమనండి, గాయకుడి ఊపిరి ఎంతసేపు పడితే అంతసేపు.