సశేషం గారికి అభిమానుల మహజరు

మహారాజశ్రీ సశేషం గారి సముఖమునకు,

టీవీ సిరీస్‌లకూ ఫాంటసీ నవలలకూ జీవితం రాసిచ్చేసిన అభిమానులం విన్నవించుకునేది ఏమనగా:

తమరి ఆరోగ్యం గురించి అడగనక్కర్లేదు. ఏటికేడు ఒళ్లు చేస్తున్నారు. ఒకప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ ఏ రాక్షసుడి గుహ దగ్గరో ఆగితే తమరి ఆయుర్దాయం ముప్పై రోజులు. కిందటి నెల కథ నాలుగు ముక్కల్లో గుర్తుచేసి, చిత్రా గారి బొమ్మ చూపించి, మళ్లీ గుహలోకి తీసుకెళ్లేవారు. అమెరికాలోనూ తమరి పాతతరం మర్యాద తెలిసినదే. 1990 జూన్ 18న ‘స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్’ మూడో సీజన్, కెప్టెన్ పికార్డ్‌నే శత్రువులు తమలో కలిపేసుకున్న చోట ఆగింది. సెప్టెంబరు 24కల్లా మిగతా సగం వచ్చేసింది. 98 రోజులు! అదీ 26 ఎపిసోడ్లు కడుపునిండా పెట్టాక. ఆ 98 రోజులు ఎలా గడిపామో అని ఇప్పటికీ నిట్టూర్చే పెద్దలున్నారు. వాళ్లకి ‘స్ట్రేంజర్ థింగ్స్’ అప్పజెప్పాలి.

దాని నాలుగో సీజన్ ముగిసింది 2022 జులై 1న. ఐదోది మొదలైంది 2025 నవంబరు 26న. ఆ మధ్య కథలో గడిచింది ఏడాదిన్నర చిల్లర, బయట గడిచింది మూడేళ్ల నాలుగు నెలల పైమాట. ప్రధానంగా 1983 నుంచి 1987 దాకా జరిగే కథ చెప్పడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఈలోగా ఎలెవెన్ వేషం కట్టిన పిల్లకి పెళ్లి కూడా అయిపోయింది. మళ్లీ చూసుకుని సిద్ధంగా ఉందామంటే పాత ఎపిసోడ్లు 34, అందులో ఆఖరిది ఒక్కటే రెండుగంటల పైన. రోజుకొకటి చొప్పున నెల దాటుతుంది. తీరిక లేనివాళ్లు ఒక్కో సీజన్లో మొదటిదీ చివరి రెండూ చూస్తే చాలు, మధ్యలో సైకిళ్లు తొక్కడమే ఎక్కువ.

తమరి వకీళ్లు చెప్పేది మాకు తెలియకపోలేదు. పాతకాలంలో సెట్లు ఏడాదంతా నిలిచే ఉండేవి, ఈ వారం ఎపిసోడ్ ప్రసారమవుతుంటే రచయితలు ముందువి రాస్తూ ఉండేవాళ్లు. ఇప్పుడు సీజన్ మొత్తాన్ని ఒక పొడుగాటి సినిమాలా ముక్కలుముక్కలుగా తీస్తారు. అన్నీ ఒకే రోజు వదలాలంటే చివరి ఎపిసోడ్‌లో రాక్షసుడికి తోక మొలిచేదాకా మొదటిది కూడా గూట్లోనే ఉండాలి. పైగా 2023లో రచయితల సమ్మె 148 రోజులు, నటుల సమ్మె 118. సరే, ఆ ఏడాది తమరి తప్పు లేదు. మిగతా ఏళ్ల సంగతేమిటి?

అసలు తమరికి పగ పట్టే గుణం ఉందని మా అనుమానం. రుజువు ఉంది. జార్జ్ ఆర్.ఆర్. మార్టిన్ 2000లో ‘ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ అనే ఫాంటసీ నవలల వరుసలో మూడో సంపుటం ముగించి, నాలుగోదానికి ముందు కథలో ఐదేళ్లు దాటేద్దామనుకున్నాడు. పిల్లలు ఎదుగుతారు, డ్రాగన్లూ ఎదుగుతాయి. రాయబోతే కొన్ని పాత్రలకు కుదిరింది, కొన్నిటికి కుదరలేదు. అంత కుట్రలు నడిచే రాజధానిలో ఐదేళ్లు ఏమీ జరగలేదంటే ఎవరు నమ్ముతారు? జరిగిందంతా జ్ఞాపకాలుగా చెప్పబోతే పుస్తకం అంతా జ్ఞాపకాలే. చివరికి ఆ ఐదేళ్లను తీసి అవతల పారేశాడు. అంటే తమరినే! కథలో చోటివ్వని ఆ ఐదేళ్లూ తమరు మా నెత్తిన వచ్చి కూర్చున్నారు. నాలుగో సంపుటం 2005లో వచ్చింది.

అది కూడా సగం మందితోనే. రాతప్రతి మరీ లావెక్కడంతో కాలాన్ని బట్టి కాకుండా పాత్రలను బట్టి చీల్చారు. మిగతా సగం మంది వచ్చే ఏడాదే వస్తారని ఆశిస్తున్నట్టు పుస్తకం చివర రాశాడు పెద్దమనిషి. వాళ్లు 2011లో వచ్చారు. ఆరో సంపుటం మాట ఎత్తం, తమరికి ఇంకా బలుపు వస్తుంది.

ఈ ఖాళీలో మాకో కుటీర పరిశ్రమ వెలిసింది, రాని కథలో ఏం జరుగుతుందో సిద్ధాంతాలు అల్లడం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. సిద్ధాంతం వండే పద్ధతి ఇదీ: ఎవరూ పట్టించుకోని పాత్రను ఒకదాన్ని పట్టుకోవాలి. జోస్యంలో అర్థంకాని పంక్తిని దానికి తగిలించాలి. కత్తి పేరు, జెండా రంగు, తల్లి ఊసు దాటేసిన చోటు, ఈ మూడింటిలో రెండు కలిస్తే చాలు. శవం చూపించని చావును చావుగా లెక్కపెట్టకూడదు. చూపించినా నటుడి జుట్టు గమనించాలి. మార్టిన్ నవలల టీవీ రూపం ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’లో 2015లో ‘చచ్చిపోయిన’ జాన్ స్నో పాత్రధారి జుట్టు కత్తిరించుకోకుండా, షూటింగ్ జరిగే బెల్‌ఫాస్ట్‌లో కనబడగానే సగం ప్రపంచం ఏడుపు మానేసింది.

మమ్మల్ని చెడగొట్టింది మాత్రం ఒకే ఒక్క విజయం. 1996 నాటి మొదటి సంపుటంలోని ఆధారాలతో జాన్ స్నో తల్లిదండ్రులెవరో పాఠకులు ఏనాడో తేల్చేశారు. 2016లో ఆరో సీజన్ చివర టీవీ అవునంది. అప్పట్నుంచి ప్రతివాడూ తన సిద్ధాంతం ఫలించి తీరుతుందనే నమ్మకంతో ఉన్నాడు. నవలాకారుడు నాటిన విత్తనం వేరు, అచ్చయిన నవలలు అయిపోయాక టీవీవాళ్లు సొంతంగా దున్నిన పొలం వేరు అని ఎవరూ ఒప్పుకోరు. ఎపిసోడ్ మన లెక్కకు భిన్నంగా వస్తే తప్పు ఎపిసోడ్‌దే. ఏడో సీజన్ తర్వాత దాదాపు ఇరవై నెలలు అలా వండి వార్చి, సోమవారం పొద్దున్నే ఆరున్నరకు లేచి కూర్చుంటే వచ్చినవి ఆరు ఎపిసోడ్లు. నాలుగోదానిలో బల్ల మీద, షూటింగ్‌వాళ్లు మరిచిపోయిన ఒక కాఫీ కప్పు. ఆ కప్పు ఎవరి వంశానిదో మాత్రం ఏ సిద్ధాంతమూ ముందే చెప్పలేకపోయింది.

కాబట్టి మనవి ఒక్కటే. కొనసాగింపు ఖాయం కాని సిరీస్‌లో ఎవర్నీ కొండ అంచున వేలాడదీయకండి. ‘ద వీల్ ఆఫ్ టైమ్’ను 2025లో మూడు సీజన్లకే ఆపేశారు. అదృష్టం కొద్దీ దాని మూల పుస్తకాలు పద్నాలుగూ పూర్తయ్యాయి. మొదటి రచయిత పోయినా ఇంకొకరు 2013లో ముగించారు. మిగతా కథ కోసం అటు వెళ్లేవారు ఎనిమిది నుంచి పది దాకా మాత్రం ఓపిక పట్టాలి. పదోదానిలో చాలా భాగం, తొమ్మిదోదాని చివర్లో జరిగిన ఒక్క సంగతిని ఊరూరా ఎవరెవరు ఎలా చూశారన్నదే.

ఇట్లు,
తమరి విధేయులు

తా.క.: తమరి వంశంలో గడువు చెప్పి వెళ్లింది ఒక్కరే. 1991 జూన్‌లో ‘ట్విన్ పీక్స్’ సిరీస్ ఆగే ముందు అందులోని లారా పామర్ పాత్ర, పాతికేళ్ల తర్వాత మళ్లీ కలుద్దామంది. 2017 మేలో వచ్చింది. పదకొండు నెలలు ఆలస్యం. ఆమాత్రం మేం పట్టించుకోం.