బెంచీ చివర కూర్చున్న పిల్లవాడు
కొత్త కోచ్‌ల కోసం రాసిన ఒక వ్యాసం చదివాను. సీజన్ మొదలవకముందే కోచ్ తన విలువలను మూడు నాలుగు మాటల్లో కాగితం మీద రాసుకోవాలని అందులో అన్నారు. రాసుకోవడం మంచిదే, కానీ దాంతోనే పని అయిపోతుందన్నట్టు చెప్పడం నాకు నచ్చలేదు. పన్నెండేళ్లలోపు పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పడం మొదలుపెట్టిన ఏడాది నేనూ రాసుకున్నాను. అందులో మొదటి మాట 'అందరికీ ఆడే అవకాశం'. ఒక మ్యాచ్‌లో ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి, రెండు పాయింట్లు వెనకబడి ఉన్నాం. అప్పటిదాకా కోర్టులో అడుగుపెట్టని పిల్లవాడొకడు బెంచీ చివర కూర్చుని, ఎప్పుడు పిలుస్తానోనని నా వైపే చూస్తూ, బూటు లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. నేను పిలవలేదు. గెలిచాం. వాడు చెమట పట్టని జెర్సీతోనే అందరితో చేతులు కలిపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తర్వాతి మ్యాచ్ నుంచి ఎవరు ఏ క్వార్టర్‌లో దిగాలో ముందే రాసి సహాయకుడి చేతిలో పెడుతున్నాను, ఆట వేడిలో నా మనసు మారినా కాగితం మారకూడదని. విలువ ఇలా పనిలో కనిపించాలి. 1964 నుంచి 1975 వరకు పన్నెండేళ్లలో అమెరికాలోని యూసీఎల్‌ఏ విశ్వవిద్యాలయానికి పది ఎన్‌సీఏఏ (జాతీయ కళాశాల బాస్కెట్‌బాల్) టైటిళ్లు తెచ్చిన కోచ్ జాన్ వుడెన్ అంతటివాడు, సీజన్ ఆరంభంలో కళాశాల ఆటగాళ్లకు సాక్సు ముడత పడకుండా ఎలా తొడుక్కోవాలో స్వయంగా చూపించేవారు. ముడత పడితే పొక్కు వస్తుంది, పొక్కు వస్తే ఆట పోతుంది. వ్యాసకర్త కూడా ప్రతి విలువ పక్కన, అది మ్యాచ్ రోజున ఏ పనిగా కనిపించాలో ఒక్క వాక్యం చేర్చి ఉంటే కొత్తగా వచ్చే కోచ్‌లకు మరింత ఉపయోగపడేది.