పప్పు ఉడికినంత మాత్రాన మంచినీళ్లు కావు

వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక మెసేజ్‌ని మా స్టూడెంట్స్ క్లాసులో చూపించారు. నల్లగొండ నీళ్లలో ఫ్లోరైడ్ ఫ్యాక్టరీల వల్ల వచ్చిందట. బోరు ఇంకా లోతుకు దించితే మంచినీళ్లు పడతాయట. పప్పు మెత్తగా ఉడికితే ఆ నీళ్లు సేఫ్ అట. అనుమానముంటే మరిగిస్తే సరిపోతుందట. యూనివర్సిటీలో ఖనిజశాస్త్రం, భూరసాయనశాస్త్రం చెబుతాను, నా పరిశోధన బోరు నీళ్ల మీదే. ఈ నాలుగూ తప్పే.

ఫ్యాక్టరీలు నీళ్లు పాడుచేయవని నేననను, ఆ గొడవ వేరు. కానీ నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) ఉందని మద్రాసు ప్రెసిడెన్సీ డాక్టర్లు రాసింది 1937లో. ఇప్పటి రసాయన ఫ్యాక్టరీలు అప్పటికి పుట్టనే లేదు. నల్లగొండలో అసలు మూలం కాళ్ల కింది గ్రానైటే. ప్రాక్టికల్స్‌లో ఆ రాయి ముక్క ఇచ్చి, నల్లగా మెరిసే రేకును పిన్నుతో లేపమంటాను. అది బయోటైట్, అంటే నల్ల అభ్రకం. అందులో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జంట) ఉండాల్సిన చోట్లలో కొన్నింటిని ఫ్లోరైడ్ ఆక్రమించి ఉంటుంది. రెండింటి సైజు దాదాపు ఒకటే, విద్యుదావేశమూ ఒకటే. క్షారగుణమున్న నీళ్లు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నిలిస్తే హైడ్రాక్సిల్ లోపలికి పోయి ఫ్లోరైడ్ బయటికొస్తుంది. రాతిలోని అపటైట్, ఫ్లోరైట్ అనే ఖనిజాలు కూడా తలా కొంత కలుపుతాయి.

లోతు బోరుకు భరోసా లేనిది అందుకే. ఆ నీళ్లు రాయితో ఇంకా ఎక్కువ కాలం కాపురం చేసి ఉంటాయి.

అన్నిటికన్నా ప్రమాదం పప్పు మాట. పప్పును ఉడకనివ్వనివి కాల్షియం, మెగ్నీషియం. ఆ కాల్షియమే ఎక్కువగా ఉంటే ఫ్లోరైడ్‌ను పట్టుకుని ఫ్లోరైట్‌గా కిందికి దించేస్తుంది. కాల్షియం తగ్గి సోడియం పెరిగిన నీళ్లలో ఆ అడ్డు ఉండదు. అంటే పప్పు బాగా ఉడికే, సబ్బు బాగా నురగొచ్చే బోరులోనే ఫ్లోరైడ్ ఎక్కువుండే అవకాశం. రంగు, రుచి, వాసన ఏవీ పట్టివ్వవు. గ్రానైట్ ప్రాంతంలో ఊరంతా మెచ్చుకునే బోరునే నేను ముందు అనుమానిస్తాను.

ఇక మరిగించడం. ఫ్లోరైడ్ ఆవిరైపోదు, నీళ్లే పోతాయి. లీటరుకు 2 మిల్లీగ్రాములున్న నీళ్లు పావువంతు ఇగిరితే లెక్క దాదాపు 2.7కి చేరుతుంది. మన దేశ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరక్కపోతే 1.5 దాకా. రాగిబిందె కూడా దీన్ని తీయలేదు. తీసేవి ఆర్వో, లేదా పటిక, సున్నం వేసి తేర్చే నల్లగొండ పద్ధతి. వాటికన్నా మేలు, ఊరికి అందుతుంటే, కృష్ణా నీళ్లు.

ఒకే ఊళ్లో పక్కపక్క బోర్లకే వేర్వేరు రీడింగులు రావచ్చు. పక్కింటివాళ్ల రిపోర్టు చూసి ఊరుకోకుండా మీ బోరుకే పరీక్ష చేయించండి. శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టండి, గాజుది వద్దు. ముందు ఆ నీళ్లతోనే సీసా తొలిచి, బోరు లోతు ఎన్ని అడుగులో సీసా మీద రాయండి.