సీపీఆర్ క్లాసుకి మొదట అమ్మానాన్నల్ని పిలవండి

అమెరికాలో ఉన్న మన తెలుగువాళ్లలో చాలామందికి సీపీఆర్ (గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి రక్తం ఆడేలా చేయడం) ట్రైనింగ్ ఆఫీసులోనే అవుతుంది, కంపెనీయే ఏర్పాటు చేస్తుంది, రెండేళ్లు పనిచేసే కార్డు కూడా ఇస్తారు, చాలా మంచి విషయం. కానీ అమెరికాలో ఏటా హాస్పిటల్ బయట 3,50,000 మందికి పైగా ఉన్నట్టుండి గుండె ఆగిపోతోంది, అందులో పదింట ఏడు ఇంట్లోనే జరుగుతున్నాయి. మరి పగటిపూట మన ఇళ్లల్లో ఉండేదెవరు? ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు, అత్తమామలు, ఇంకా ఉద్యోగం పర్మిట్ రాని ఆడపిల్లలు. కార్డు ఉన్నాయన ఆఫీసులో ఉంటాడు, అవసరం ఇంట్లో వస్తుంది.

2023 జనవరి 2న అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్ మధ్యలో డామర్ హామ్లిన్ అనే ఆటగాడు గుండె ఆగి కుప్పకూలితే టీమ్ స్టాఫ్ అక్కడే గ్రౌండ్లోనే సీపీఆర్ చేశారు, బతికాడు, మళ్లీ ఆడాడు కూడా. అదే నెల 27న కుప్పంలో నటుడు తారకరత్న గారు గుండెపోటుతో పడిపోయారు, ఫిబ్రవరి 18న పోయారు. అప్పట్నుంచి వాట్సాప్‌లో గుండె మీద వచ్చే ఫార్వర్డులకి లెక్కే లేదు, గట్టిగా దగ్గితే గుండెపోటు ఆగిపోతుందనే మెసేజ్ ఇప్పటికీ తిరుగుతోంది, దయచేసి దాన్ని నమ్మకండి.

అత్తయ్యగారికి నేర్పాల్సింది నిజానికి చాలా తక్కువ. మనిషి పడిపోయి పిలిచినా పలక్కుండా, ఊపిరి మామూలుగా తీసుకోకుండా ఉంటే గుండె ఆగిందనే అనుకోవాలి. మధ్యమధ్యలో గురక పెట్టినట్టు, ఎగశ్వాస లాగా వస్తుంది చూడండి, అది చూసి ఊపిరి ఆడుతోంది కదా అని ఊరుకుంటారు, అక్కడే ప్రాణం పోతుంది. వెంటనే 911 కొట్టి ఫోన్ స్పీకర్లో పెట్టి, ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి కనీసం రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. పెద్దవాళ్లకైతే నోట్లో గాలి ఊదకపోయినా పర్లేదు, చిన్నపిల్లలకీ నీళ్లలో మునిగినవాళ్లకీ మాత్రం ఊపిరి కూడా ఇవ్వాలి, అది క్లాసులో నేర్చుకోవాల్సిందే.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఏంటంటే, మన పెద్దవాళ్లు ముందు ఫోన్ చేసేది కొడుక్కి. ఇంగ్లీషు రాదని భయం, ఇన్సూరెన్స్ ఏమవుతుందో అని భయం. కొడుకు మీటింగులో ఉంటాడు, ఫోన్ ఎత్తడు, సీపీఆర్ లేకుండా, గుండెని మళ్లీ కొట్టించే కరెంటు షాక్ ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం దాకా పడిపోతూ ఉంటుంది. అడ్రసు ఇంగ్లీషులో చెప్పడం, తర్వాత "తెలుగు" అనడం, ఈ రెండూ ప్రాక్టీస్ చేయించండి, చాలాచోట్ల ట్రాన్స్‌లేటర్‌ని లైన్లోకి తెస్తారు. ఇంకోటి, ఆడవాళ్లు బయట పడిపోతే ముట్టుకోడానికి జనం జంకుతారు, వాళ్లకి సీపీఆర్ తక్కువ అందుతోందని స్టడీలు కూడా చెప్తున్నాయి. సాయం చేసినవాళ్లని కాపాడే చట్టం ఇక్కడ ప్రతి రాష్ట్రంలోనూ ఉంది, మనసులో ఏమీ పెట్టుకోకుండా నొక్కండి.

అందుకే మన అసోసియేషన్‌ని నేను అడిగేది ఒకటే. ఉగాదికీ దీపావళికీ హాలు బుక్ చేస్తాం కదా, ఒక పక్క గదిలో సీపీఆర్ ప్రాక్టీస్ చేసే మనిషి బొమ్మలు నాలుగు పెట్టి, తెలుగు మాట్లాడే డాక్టర్లు నర్సులతో భోజనాల ముందు అరగంట చేయించండి, మోకాళ్ల నొప్పులున్న తాతయ్యలకి బొమ్మని బల్ల మీద పెట్టైనా సరే. స్టేజి మీద అనౌన్స్‌మెంట్లు ఎన్నో చేస్తారు, ఆ హాల్లో ఏఈడీ (గుండెకి షాక్ ఇచ్చే మెషీన్) ఏ గోడకి ఉందో కూడా ఒకసారి మైకులో చెప్పించండి.